నలభై దాటిన నెత్తురు

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల పత్తి చేలు తెల్లారేసరికి తడిసి ఉంటాయి. పగిలిన కాయల మీద, ఆకుల మీద, గట్టు మీది గడ్డి మీద అంతా మంచే. ఏరే ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకుని సాళ్లలోకి దిగితే మోకాళ్ల దాకా చీర తడవడానికి ఎంతోసేపు పట్టదు. ఆదిలాబాద్ చలి ఏటా తెలంగాణ మొత్తానికీ వార్తే. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది.

ఈ చేలో యాభై ఆరేళ్ల ఒక స్త్రీని నిలబెట్టి చూద్దాం. ఆమె ఫలానా అని చెప్పగలిగిన ఒక్క మనిషి కాదు, కాబట్టి పేరు వెతకనక్కర్లేదు. సికిల్ సెల్ నెత్తురుతో పుట్టి, అదేమిటో సగం జీవితం దాకా తెలియకుండానే బతికి, ఇప్పుడు ముసలితనంలోకి అడుగుపెడుతున్న మనిషి. తోటివాళ్లు ఏడింటికే సాళ్లలో ఉంటే ఆమె మంచు ఆరాక తొమ్మిదింటికి వస్తుంది. పత్తి ఏరే కూలి కిలోల లెక్కన కాబట్టి ఆ రెండు గంటలూ ఆమె సంపాదనలోంచే పోతాయి. కొత్తగా వచ్చిన కూలీలు బద్ధకమనుకుంటారు. కానీ తడిబట్టతో చలిలో నిలబడితే ఆ రాత్రి తొడ ఎముకల్లో ఏం మొదలవుతుందో, అది ఎన్ని రోజులు తనను మంచాన పడేస్తుందో ఆమెకు తెలుసు. రెండు గంటల కూలి వదులుకుంటే పది రోజుల కూలి దక్కుతుందన్నది ఆమె లెక్క.

ఆ లెక్క వెనుక ఉన్న శరీరశాస్త్రం చిన్నదే. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. అంతే తేడా. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, అక్కడి నుంచి ముందుకు నెత్తురు అందదు. చలికి నాళాలు ముడుచుకుంటాయి, ఒంట్లో నీరు తగ్గితే కణం లోపలి హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, జ్వరం వస్తే ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. అంటే ఆదిలాబాద్‌లో ఉన్న మూడు కాలాలూ ఈ జబ్బుకు మూడు దారులు. చలికాలం మంచు, ఎండాకాలం నలభై ఐదు డిగ్రీల వడగాలి, వానాకాలం మలేరియా.

మలేరియాతో దీనికి పాత చుట్టరికం ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చినవాళ్లకు జబ్బు రాదు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. అడవుల్లో దోమల మధ్య తరతరాలుగా బతికినవాళ్లను కాపాడిన జన్యువే, ఇద్దరి నుంచీ వచ్చిన బిడ్డను జీవితాంతం బాధపెడుతుంది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. గోండ్వానా ప్రాంతమంతా, అంటే మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ, మన ఆదిలాబాద్ దాకా, ఇది పరుచుకుని ఉంది. ఊళ్లో మాత్రం దానికి ఒక పేరంటూ ఉండేది కాదు. రక్తం తక్కువుందనేవారు. కీళ్ల నొప్పులనేవారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోసేవారు. పేరు లేని నొప్పిని చెప్పుకోవడం కష్టం. చెప్పినా, పొద్దున మంచంలో మూలిగి మర్నాడు చేలోకి వెళ్లిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?

ముసలితనం గురించి మనకొక అలవాటైన కథ ఉంది. మనిషి గట్టిగా ఉంటాడు, వయసు మీద పడుతుంది, వెనకే జబ్బు వస్తుంది. బీపీ గోలీ మొదలైన రోజు చాలామందికి పెద్దరికం మొదలైన రోజు. పక్కింటాయనకు అరవయ్యో ఏట షుగరని తెలిస్తే నెలరోజులు దిగులుగా ఉంటాడు. ఇకనుంచి రోజూ మింగాలా? రాత్రి మూడుసార్లు లేవాలా? ఇష్టమైంది తినకూడదా? మన చేలోని స్త్రీకి వరుస తిరగబడింది. జబ్బు పుట్టుకతోనే వచ్చింది, వయసు దాని తర్వాత వచ్చింది. రాత్రి పదేపదే లేవడం ఆమెకు చిన్నప్పటి నుంచే ఉంది, ఎందుకంటే సికిల్ సెల్ ఉన్నవాళ్ల కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు. ఒంట్లో నీళ్లు నిలవవు, కాబట్టి తాగుతూనే ఉండాలి. ఎంత దూరం నడవగలదో, ఎక్కడ కూర్చోవాలో, ఏ పనికి తెల్లారి ఏ ధర చెల్లించాలో ఆమె పదేళ్ల వయసుకే నేర్చుకుంది. అరవయ్యో ఏట షుగర్ వచ్చి బెంబేలెత్తిన పక్కింటాయన కంటే రోగంతో బతకడంలో ఆమెదే పెద్దరికం. ఆయన ఆమెను అడిగి తెలుసుకోదగ్గ విషయాలు చాలా ఉన్నాయి.

కానీ ఎవరూ అడగరు. జబ్బంటే తగ్గిపోవాలి, లేదా ప్రాణం తీయాలి అనే రెండు గదుల లెక్కే మన మనసులో ఉంది. తగ్గకుండా, చావకుండా, యాభై ఏళ్లు కలిసి నడిచే జబ్బుకు మనం మూడో గది కట్టలేదు.

నిజానికి ఈ జబ్బుతో ముసలివాళ్లు కావడం అనేదే కొత్త సంగతి. వైద్యశాస్త్రంలో మొదటిసారి నమోదైన సికిల్ సెల్ రోగి వాల్టర్ క్లెమెంట్ నోయెల్. గ్రెనడా దీవి నుంచి షికాగోకు దంతవైద్యం చదవడానికి వచ్చిన కుర్రాడు. 1904లో అతని నెత్తురులో వింత కణాలు కనిపించాయి, 1910లో జేమ్స్ హెరిక్ వాటి గురించి రాశాడు. నోయెల్ చదువు పూర్తిచేసి, సొంత దీవిలో పళ్ల డాక్టరుగా పనిచేస్తూ, 1916లో 32వ ఏట పోయాడు. చాలాకాలం దీన్ని పిల్లల జబ్బనే అనుకున్నారు, ఎందుకంటే పెద్దయ్యేవాళ్లు తక్కువ. 1994లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం తీవ్రరూపంలో జబ్బున్నవాళ్ల ఆయుష్షు సగటున మగవాళ్లకు 42, ఆడవాళ్లకు 48 ఏళ్లని చెప్పింది. మరుసటి ఏడాదే హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడుల్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని 299 మందిపై జరిగిన పరీక్షలో తేలింది. ట్రంపెట్ వాయించిన మైల్స్ డేవిస్‌కు ఇదే జబ్బు. తుంటి ఎముకలకు శస్త్రచికిత్సలు చేయించుకుంటూ, నొప్పితో వేదికలెక్కుతూ 65 ఏళ్లు బతికాడు.

జమైకాలో గ్రాహమ్ సర్జంట్ అనే వైద్యుడు తన జీవితమంతా ఈ రోగులతోనే గడిపాడు. అరవై దాటిన 102 మంది గురించి ఆయన బృందం 2009లో రాసింది. అందులో ఒక మాట దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. వయసు పెరిగేకొద్దీ వాళ్లలో నొప్పి దాడులు తగ్గాయి. కుర్రతనంలో ఎముకల్ని పిండిన నొప్పి ముసలితనంలో వెనక్కి తగ్గింది. దాని బదులు కిడ్నీలు మెల్లగా నీరసించాయి, హిమోగ్లోబిన్ ఇంకా పడిపోయింది. శత్రువు మాట్లాడటం మానేసి లోపల పని చేసుకుపోయినట్టు. ముసలితనం మన చేలోని స్త్రీకి మొదటిసారి కొంత శాంతిని తెచ్చేది సరిగ్గా ఆ వేళే. నొప్పి లేదు కదా అని దవాఖానకు పోవడం మానేసేదీ అప్పుడే.

ఇక్కడ ఊళ్లలోని నొప్పి సూది గురించి చెప్పక తప్పదు. నొప్పి భరించలేనప్పుడు దగ్గర్లో దొరికేది ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ సూదే. ఆ పూటకు గట్టెక్కుతుంది. అతన్ని తప్పుపట్టడం తేలిక, కానీ అర్ధరాత్రి వచ్చి కూర్చున్నది అతనే. అయితే ఆ జాతి మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి. ముప్పై ఏళ్ల సూదుల బాకీ అరవయ్యో ఏట తీర్చాలి. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని ఏడాదికొకసారి చూసే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. దాన్ని ఎవరైనా గుర్తుపెట్టుకుని చేయించాలి, అంతే.

ఆమె కొంగుముడిలో ఒక పసుపు గోలీ ఉంటుంది. ఫోలిక్ ఆమ్లం. చిన్నది, చవకది. మామూలు ఎర్రకణం నూట ఇరవై రోజులు బతికితే ఆమె ఒంట్లోది పది, ఇరవై రోజుల్లో చితికిపోతుంది. పోయినవాటి స్థానంలో కొత్తవి చేయడానికి మూలుగ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో గట్టెక్కాడు. తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి వెతుక్కుంటూ పోయి కనిపెట్టిన పదార్థాల్లో ఒకటి ఆ స్ప్రూకే పనికొచ్చింది. ఆయన బృందమే బోదకాలుకు హెట్రజాన్ మందునూ ఇచ్చింది. అదే ఇప్పటికీ డీఈసీ గోలీగా ఊరూరా పంచేది. సుబ్బారావు మాత్రం 1948లో 53 ఏళ్లకే పోయాడు. మన చేలోని స్త్రీ ఇప్పటికే ఆయన కంటే మూడేళ్లు ఎక్కువ బతికింది, ఆ బతుకులో ఆయన పసుపు గోలీకి ఒక వాటా ఉంది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలన్నది లక్ష్యం. తెలంగాణతో సహా పదిహేడు రాష్ట్రాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు. ఇది చాలా పెద్ద పని, దాన్ని మనసారా మెచ్చుకోవాలి. పరీక్షకు పెట్టుకున్న వయసు పుట్టిన బిడ్డ నుంచి 40 ఏళ్ల దాకా. కారణం స్పష్టమే. పెళ్లికి ముందే తెలిస్తే, కడుపుతో ఉన్నప్పుడే తెలిస్తే, రేపటి బిడ్డను కాపాడవచ్చు. మరోవైపు తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి ఆసరా వృద్ధాప్య పింఛను 57 ఏళ్లకే మొదలవుతోంది. ఒక పథకం నలభై దగ్గర ఆగుతుంది, ఇంకొకటి యాభై ఏడు దగ్గర అందుకుంటుంది. మధ్యలో పదిహేడేళ్లు. మన చేలోని స్త్రీ సరిగ్గా ఆ సందులో నిలబడి ఉంది. పరీక్షకు పెద్దదైపోయింది, పింఛనుకు చిన్నదైపోయింది.

ఆమెను వదిలేయడం ఆమెకే నష్టమనుకుంటే పొరపాటు. రెండు వైపుల నుంచీ ఈ జన్యువు వచ్చిన తల్లి కన్న ప్రతి బిడ్డలోనూ అది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇందులో అనుమానానికి తావే లేదు. అంటే ఆమె ఒక్కదాని వేలి నుంచి ఒక్క నెత్తురు చుక్క తీస్తే కొడుకులు, కూతుళ్లు అందరిలోనూ ఆ జన్యువు ఉందని తెలిసిపోతుంది. ఆమెకు జబ్బుందంటే ఆమె తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఉన్నట్టే, కాబట్టి అన్నదమ్ముల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. మేనరికం మంచి సంబంధమనుకునే ఇళ్లలో ఆమె కూతుర్ని తమ్ముడి కొడుక్కి ఇస్తే? ఇద్దరిలోనూ ఆ జన్యువుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఇంటి గుట్టు అమ్మమ్మ ఒంట్లో ఉంది. మనవరాలిని బడిలో పరీక్షించి, అమ్మమ్మను ఇంటి అరుగు మీద వదిలేయడం పుస్తకాన్ని చివరి పేజీ నుంచి చదవడం లాంటిది.

జన్యు చికిత్స వచ్చింది, నిజమే. 2023 చివర్లో బ్రిటన్, ఆ వెంటనే అమెరికా క్యాస్‌జెవీ అనే చికిత్సకు అనుమతినిచ్చాయి. అమెరికాలో దాని ధర ఇరవై రెండు లక్షల డాలర్లు. బోథ్ చేలోని యాభై ఆరేళ్ల మనిషికి దాని గురించి చెప్పడం ఇప్పట్లో పలకరింపు కూడా కాదు. ఆమెకు కావలసినవి వేరు. ఏడాదికొకసారి మూత్ర పరీక్ష, కంటి పరీక్ష. తుంటి అరిగితే ఎక్స్‌రే తీసి చెప్పే డాక్టరు. రక్తం తక్కువుందని చూడకుండానే ఐరన్ గోలీలు రాసేయని చేయి, ఎందుకంటే పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఒంట్లో ఇనుము తక్కువ కాదు, పేరుకుపోయి ఉండొచ్చు. నొప్పి అంటే నమ్మే మనిషి. ఆదిలాబాద్ రిమ్స్‌కు పోయి వచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది, చలికాలమైతే ఆ బస్సు ప్రయాణమే నొప్పిని పిలవొచ్చు. బోథ్‌లోనే అయ్యే పనికి ఆమెను అంత దూరం పంపకూడదు.

తొమ్మిది దాటింది. ఎండ గట్టు దాటి సాళ్ల మీదికి వచ్చింది, కాయల మీద మంచు ఆవిరవుతోంది. ఆమె చింతచెట్టు కింద నీళ్ల డబ్బా పెట్టి, మూత తీసి, సగం దాకా ఒకే గుక్కలో తాగింది. ఎడమ తుంటి మీద చేయి ఆనించుకుని లేచింది. నడుముకు గుడ్డ బిగించి, అందరూ వదిలిన చివరి సాలు పట్టుకుంది. పొద్దుగూకే లోపు నాలుగుసార్లు ఆ డబ్బా దగ్గరికి తిరిగొస్తుంది, ఆ నాలుగు రాకపోకలకూ సరిపోయేలా సాలు పొడుగును ముందే చూసుకుంది.