వెన్నిచ్చినవానిని కొట్టవచ్చునా?

సంక్రాంతినాళ్ళలో ఏలూరు, తాడేపల్లిగూడెము పరిసరముల బరులయందు, కాలికి కత్తి కట్టిన పుంజు వెన్నిచ్చి పరుగెత్తినచో ఓడినట్లే. చట్టము నిషేధించిన ఆ క్రీడలో పక్షి సమ్మతి నడిగినవా రెవ్వరు? అంతరిక్షనౌకల ఆన్‌లైన్ ఆటలో తలపడు మన యువకులకో, ఓటమి తప్పదని తోచిన క్షణమున నౌకతో తప్పించుకొనిపోవు వెసులుబాటు కలదు. అట్టివానిని వెన్నాడి కూల్చుట న్యాయమా యని వారిలో వాదము.

ఈ వాదము పాతదే. కురుక్షేత్రమున ఉభయపక్షములవారును, నిరాయుధుని, విముఖుని కొట్టరాదని యుద్ధమునకు ముందే సమయము చేసికొనిరి. అయినను, సైన్యమెల్ల నశింపగా ద్వైపాయనహ్రదమున జలస్తంభనము చేసి దాగిన దుర్యోధనుని ధర్మరాజు పరుషోక్తులతో వెలికి రప్పించెను. రప్పించియు, తమలో నొకనిని, నచ్చిన ఆయుధమును ఎన్నుకొమ్మనెను. కృష్ణుడు ఆ ఔదార్యమునకు మండిపడెను. నాకు మాత్రము ఆ ఘట్టమున ధర్మరాజే పెద్దవాడుగా తోచును. పిదప భీముని గద దుర్యోధనుని తొడలపై పడుట వేఱు మాట.

ప్రాణభీతితో తొలగినవాడు విముఖుడు. బలము కూర్చుకొని మరలి వచ్చుటకై తొలగినవాడు కాడు. ఈ భేదము పోరు నడుమ తేలదు. కావున ఆటగాండ్రారా, తొలగువానికి హద్దు ముందే నిర్ణయించుకొనుడు, దాటినవానిని విడిచిపుచ్చుడు.