బంధమును హింసయే



ఆఫ్రికా అడవులలోని ఎంపరర్ అను పెద్ద నల్లతేలును గాజుపెట్టెలో పెంచుకొనువారు పలు దేశములలో కలరు. విచ్చలవిడిగా పట్టి అమ్ముటచే 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారమునకు కట్టడి వచ్చినది. పెట్టెలో తడిమట్టి, బెరడు, నీరు అమర్చెదరు. చూచుటకిది ప్రేమయే. కాని దాని మేతకు బ్రతికియున్న కీచురాళ్లను వేయవలెను. అడవిలో తేలు తన ఆకలికి చంపును. పెట్టెలో యజమాని తన వేడుకకు చంపించును.

తేలు చతురింద్రియ జీవి. పిల్లలను వీపున మోయు తల్లి. తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో మొదటిది బంధము; కొట్టుట దాని తరువాతిదే. పదునైదు నిషిద్ధ వృత్తులలోని అసతీపోషణమున హింస్రజంతువుల పెంపకమును చేరును. కనుక అమ్మకమునకైనను, ముచ్చటకైనను శ్రావకునకు ఇది తగదు.

అట్లని గోదాములో కనబడిన తేలును చెప్పుతో కొట్టుటయు తగదు. డెక్కలు లావు, తోక సన్నమైనది మండ్రగబ్బ. డెక్కలు సన్నము, తోక లావైన చిన్న ఎర్రతేలే ప్రాణాపాయకరము. ఏదైనను చేతితో తాకక, డబ్బా బోర్లించి, క్రింద అట్ట జొనిపి, దూరమున రాళ్లచాటున విడువుడు. కుట్టినచో మంత్రమునకై ఆగక ఆసుపత్రికి పొండు.

భయము చంపించును, మోజు బంధించును. రెండింటిని విడిచినవాడే అభయదాత.