వెళ్ళిపోయేవాడి బాకీ

"ఏరా, మీ టీమ్ ఢిల్లీ వెళ్ళిపోయిందంట కదా?" అని బావ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. వార్త పొద్దున్నే చూశాను. చూసి ఎవరితోనూ అనలేదు. చెప్పుకునేంత విషయమా అనిపించింది. ఇంట్లో మనిషికి బాగోలేదంటే నలుగురూ వచ్చి పలకరిస్తారు గానీ, ఫుట్‌బాల్ క్లబ్ ఊరొదిలి పోయిందంటే ఎవరు పలకరిస్తారు? బావ పలకరించాడు, వెటకారంగానే అయినా.

విషయం ఇదీ. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని చోటు దానికి అలాగే ఉంది. మారింది ఊరు, పేరు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం మాత్రం, కదిలించడం కుదరదు కాబట్టి, ఇక్కడే ఉండిపోయింది.

ఆ రోజు బావకీ నాకూ మొదలైన వాదన ఇంకా తెగలేదు. అది పైకి క్లబ్ గురించే గానీ, అసలు ప్రశ్న వేరే. ఎవరు ఎవరికి లాయల్‌గా ఉండాలి? ఆ మాట అడిగే హక్కు ఎవరికుంది?

లాయల్టీ అనే మాటకి తెలుగులో మనం వాడేది ‘విశ్వాసం’. ఎవరి ఉప్పు తిన్నామో వాళ్ళకి చూపించాల్సింది. లేకపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాళ్ళం అవుతాం. గమనిస్తే ఆ మాటలోనే ఒక వాలు ఉంది. తిన్నవాడు పెట్టినవాడికి బాకీ. పెట్టినవాడికి కూడా తిన్నవాడి పట్ల ఏదో ఒక బాధ్యత ఉంటుందని ఏ సామెతా చెప్పినట్టు గుర్తు లేదు. ఫుట్‌బాల్ అభిమానులం కూడా ఈ వాలులోనే కొట్టుకుపోతాం. మన తిట్లన్నీ ఆటగాళ్ళ మీదే.

2000లో లూయిస్ ఫిగో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. 2002 నవంబర్‌లో అతను క్యాంప్ నౌలో కార్నర్ కొట్టడానికి వస్తే స్టాండ్స్ లోంచి పంది తల వచ్చి పడింది. నేను పంది తలలు విసరలేదు గానీ, మా క్లబ్ వదిలి వెళ్ళిన ఒక ఆటగాడి ఫొటో కింద ‘డబ్బు మనిషి’ అని రాశాను. అదే నెలలో నేను కంపెనీ మారాను. ముప్పై శాతం హైక్. పాత టీమ్ వాళ్ళు కేక్ కోసి పంపించారు. ఎవరూ నన్ను ద్రోహి అనలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు చాలా రోజులు పట్టింది.

పాతకాలంలో ఆటగాళ్ళు ఒకే క్లబ్‌లో ఉండేవాళ్ళు, విలువలుండేవి అంటుంటారు. కొన్ని నిజమే. చునీ గోస్వామి మోహన్ బగాన్ తప్ప ఇంకో క్లబ్‌కి ఆడలేదు. ఫ్రాన్సెస్కో టోట్టి రోమాలోనే మొదలై 2017లో రోమాలోనే ముగించాడు. కానీ ఆ పాతకాలంలో ఇంకోటి కూడా ఉండేది. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడికి కాంట్రాక్ట్ అయిపోయింది. అతని క్లబ్ జీతం బాగా తగ్గించి కొత్త కాంట్రాక్ట్ ఇస్తానంది. వద్దని ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కి వెళ్ళబోతే, డబ్బు కట్టందే పంపమంది. కాంట్రాక్ట్ అయిపోయాక కూడా! 1995 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు ఇది చెల్లదని తేల్చేదాకా అక్కడ అదే పద్ధతి. కాబట్టి మనం విశ్వాసం అని మురిసిపోయిన దాంట్లో కొంత, తలుపుకి బయటినుంచి వేసిన గొళ్ళెం. తలుపు తీసి ఉన్నా ఉండిపోయిన టోట్టి గొప్పవాడే. కానీ తలుపు తీశారు కదా అని బయటికి నడిచినవాడు చెడ్డవాడెలా అవుతాడు?

మన దగ్గర చూడండి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడటానికి కలకత్తా వెళ్ళాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, రెండు జట్లలోనూ ఉన్నాడు. ఆ జట్లని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడా హైదరాబాద్ వాడే. 2023లో బలరాం చనిపోయింది బెంగాల్‌లోనే. ఆయన్ని ఊరొదిలి వెళ్ళిన ద్రోహి అని అనగలనా? పైగా ‘మనవాడే’ అని గొప్పగా చెప్పుకుంటాను. ఆట ఉన్న చోటికి, నాలుగు డబ్బులున్న చోటికి మనిషి వెళ్తాడు. ఈ మాట హైదరాబాద్‌లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లోంచీ ఒకరు డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్ళినవాళ్ళే.

ఇంతవరకూ బావా నేనూ ఒకటే మాట. ఆటగాడు వెళ్ళిపోతే క్లబ్ మిగులుతుంది. ఓనర్ వెళ్ళిపోతే క్లబ్బే వెళ్ళిపోతుంది. మరి తిట్లు ఆటగాడికెందుకు, ఓనర్‌కి ఎందుకు కాదు అంటే, ఓనర్ పేరు వెనకాల రాసిన జెర్సీ ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి. కోపానికి ఒక ముఖం కావాలి. బోర్డు మీటింగ్‌కి ముఖం లేదు.

ఇక్కడే బావ అడ్డం తిరిగాడు.

"డబ్బు పెట్టింది ఆయన. నష్టం ఆయనది. నువ్వెన్ని మ్యాచ్‌లకి వెళ్ళావ్ చెప్పు?"

చెప్పాల్సి వచ్చింది. 2019 నవంబర్‌లో సొంత ఊళ్ళో మొదటి మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచాం. ఆ రోజు ఉన్నాను. ఆ తర్వాత బాగా ఆడిన సీజన్లో నాలుగైదు. 2023-24లో పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, కుర్రాళ్ళతో నెట్టుకొచ్చి, సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున మిగిలినప్పుడు నేను వెళ్ళింది సున్నా. గచ్చిబౌలి స్టేడియం నా ఆఫీసుకి ఇరవై నిమిషాలు.

"అంటే ఓడిపోతున్నప్పుడు నువ్వు ముందే ట్రాన్స్‌ఫర్ అయిపోయావ్ అన్నమాట," అన్నాడు బావ.

నా దగ్గర జవాబు లేదు. అతను ఆగలేదు. "పైగా మీరు కప్పు గెలిచిన ఏడాది మీ ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఇంకేం ఊరు?"

అదీ నిజమే. కరోనా వల్ల వరసగా రెండు సీజన్లు గోవాలోనే జరిపారు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, మళ్ళీ కేరళ మీదే. వాళ్ళ రంగు పసుపు, మా రంగూ పసుపే. ఆ రోజు పసుపు మాకు వచ్చింది, వాళ్ళు నల్ల జెర్సీల్లో దిగారు. స్టాండ్స్ నిండా ఉన్న పసుపేమో కేరళ వాళ్ళది. అరవై ఎనిమిదో నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ టవోరా బాక్స్ బయటినుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నేను చూసింది ఫోన్‌లో, మాదాపూర్‌లో ఒక పీజీ మేడ మీద. పక్కన ఇద్దరు కేరళ కుర్రాళ్ళు. గెలిచాక వాళ్ళే టీ ఇప్పించారు.

అప్పుడు నేను ప్రేమించింది మైదానాన్ని కాదు. ఆటగాళ్ళలో హైదరాబాద్ వాళ్ళు దాదాపు లేరు. టవోరా గోవా వాడు, కట్టిమణీ అక్కడివాడే, కోచ్ మనోలో మార్కెస్ స్పెయిన్ వాడు. ఓనర్ ఎవరో నాకు అక్కర్లేదు. మరి దేన్ని? బహుశా కామెంటరీలో ‘హైదరాబాద్’ అన్నప్పుడు, ఆ మాటలో నేనూ ఒక మూల ఉన్నాననుకోవడాన్ని. ఆ మాట క్లబ్ వాళ్ళు కనిపెట్టింది కాదు, మా దగ్గర అప్పు తీసుకున్నది.

నాకు దొరికిన జవాబు ఇక్కడే మొదలవుతుంది. కిరాణా కొట్టువాడు నన్ను ప్రేమించమని అడగడు. నచ్చితే కొంటాను, కొట్టు మూసేస్తే వీధి చివర ఇంకో కొట్టుకి పోతాను. అతనికీ నాకూ బాకీల్లేవు. క్లబ్ అలా కాదు. అది టికెట్ మాత్రమే అమ్మదు, ‘మన’ అనే మాట అమ్ముతుంది. ఊరి పేరు పెట్టుకుంటుంది, ఇది మీది అంటుంది. ప్రేమని అడిగి తీసుకుని పెట్టుబడిలో కలుపుకున్నవాడు, వెళ్ళేటప్పుడు నేను మామూలు వ్యాపారిని అంటే కుదరదు. వెళ్ళొద్దని కాదు. జవాబు చెప్పకుండా వెళ్ళొద్దని.

ఆటగాడికీ ఇదే లెక్క. నిజాయితీగా ఆడి, కాంట్రాక్ట్ అయ్యాక వెళ్ళిపోయినవాడికి మన దగ్గర ఏ బాకీ లేదు. గోల్ కొట్టినప్పుడల్లా గుండె మీది బ్యాడ్జ్‌ని ముద్దుపెట్టుకుని, ఆర్నెల్లకి వెళ్ళిపోయేవాడికి కాస్త ఉంది. తప్పు వెళ్ళడంలో లేదు, ఆ ముద్దులో ఉంది.

ఈ జవాబు చెప్పించడం కొన్నిచోట్ల కుదిరింది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ టీమ్ ఏటీకేతో కలిసిపోయి ఏటీకే మోహన్ బగాన్ అయింది. 1889 నాటి క్లబ్ పేరు ముందు ఆ మూడక్షరాలేంటని అభిమానులు మూడేళ్ళు గొడవ చేశారు. 2023 మార్చిలో టైటిల్ గెలిచిన రాత్రే ఆ మూడక్షరాలు తీసేస్తున్నట్టు ఓనర్ ప్రకటించాడు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తీసుకుపోవడానికి 2002లో అనుమతి ఇస్తే, అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. వింబుల్డన్ కామన్ అనే పచ్చికబయల్లో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళని ఎంచుకున్నారు. కింది మెట్టు నుంచి ఎక్కుతూ 2011కి ఫుట్‌బాల్ లీగ్‌లోకి, 2020కి తమ పాత వీధి ప్లౌ లేన్‌కి వచ్చేశారు. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగం కంటే ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలని నియమం. దానికీ సందులు వెతికినవాళ్ళున్నారు గానీ, కనీసం సందులు వెతకాల్సిన అవసరమైనా పడింది.

"వాళ్ళకి వందేళ్ళ చరిత్ర. మీకు ఆరేళ్ళు," అన్నాడు బావ. తర్వాత అతనే నవ్వి, "మా ఆర్సెనల్ కూడా వలసొచ్చిందే తెలుసా? 1913లో వూల్విచ్ వైపు నుంచి థేమ్స్ దాటి హైబరీకి. ఇప్పుడెవడైనా ఏడుస్తున్నాడా?" అన్నాడు.

బావ లండన్ ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ మాట నన్ను కదిపింది. వందేళ్ళకి వలస కూడా సొంతూరైపోతుంది. అయితే ఆ క్షమాపణ ఇచ్చేది తర్వాత పుట్టినవాళ్ళు. 1913లో నది ఇవతల మిగిలినవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇవతల మిగిలినవాళ్ళు అనగానే, నేను ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన విషయం ఎదురొచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. 2019లో ఎఫ్‌సీ పుణే సిటీ మూతబడితే ఆ ఖాళీలోకి వచ్చింది. అంతకుముందు ఐదు సీజన్లు పుణేలో నారింజ రంగు వేసుకుని అరిచినవాళ్ళున్నారు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఇప్పుడు మా క్లబ్ దొరికిన ఢిల్లీ కుర్రాడు, ఆరేళ్ళ క్రితం తన క్లబ్ పోగొట్టుకున్నవాడే కావచ్చు. మార్సెలిన్హో అనే బ్రెజిల్ ఆటగాడు డైనమోస్‌కి ఆడాడు, పుణేకి ఆడాడు, మాకు ఆడాడు, ఆనక ఒడిశాకి ఆడాడు. కాంట్రాక్టుల వెంట తిరిగాడంటాం. అతను వదిలిన క్లబ్బులు అతని కంటే ఎక్కువ తిరిగాయి.

2019లో నేను జెర్సీ కొన్నాను. పుణే వాళ్ళ గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. మనకి టీమ్ వచ్చింది, అంతే. వాళ్ళ బాధకి నేను కారణం కాదు నిజమే, కానీ దాని మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఢిల్లీ వాడు కొడితే నాకెందుకు మండాలి? ఓనర్ జవాబు చెప్పాలి అంటున్న నేను, ఆ రోజు ఓనర్‌ని పుణే సంగతేంటని అడిగానా? అడిగి ఉంటే ఏమీ ఆగేది కాదు. కానీ ఇవాళ అడిగే హక్కు కొంచెం గట్టిగా ఉండేది.

మొన్న ఆదివారం బావ ఊరి నుంచి వస్తే అజీజ్‌నగర్ దాకా వెళ్ళాం. శ్రీనిధి డెక్కన్ వాళ్ళ మైదానం అక్కడే. ఆ రోజు మ్యాచ్ లేదు. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాం. "ఇంకెందుకు, ఈ టీమ్ పట్టుకో," అన్నాడు బావ. పట్టుకుంటాననే అనుకుంటున్నాను. కాకపోతే ఈసారి ఓడిపోయే మ్యాచ్‌లకి కూడా వెళ్ళాలి. అది చేయకుండా ఎవర్నీ ఏమీ అడగలేను.