ఒక్క మనిషి, అయిదు కిటికీలు

ఒక మనిషి ఒకేసారి ఎన్ని పనులు చెయ్యగలడు? ఈ ప్రశ్న మగవాళ్లనడిగితే ఆలోచించి జవాబు చెబుతారు. ఆడవాళ్లనడిగితే నవ్వేస్తారు. ఒక పొయ్యి మీద పప్పు, పక్క పొయ్యి మీద పాలు, చంకలో పిల్ల, చెవి దగ్గర ఫోను, వాకిట్లో కూరగాయల బండి. ఇన్నిటి మధ్యా "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు" అన్న మాట వినని ఇల్లాలు ఎవరైనా ఉంటే ఆవిడకు నా నమస్కారం! కాబట్టి ఎన్ని చెయ్యగలమన్న సందేహం మనకు లేదు. ఎన్ని చెయ్యడం న్యాయం అన్నదే సందేహం. ఇంత ధర్మసందేహం నాకు భారతం చదువుతుంటే రాలేదు సుమండీ, వెల్గటూర్‌లో మా అన్నయ్య కొడుకు కంప్యూటరు వల్ల వచ్చింది.

వాడు కంప్యూటర్లో ఒక ఆట ఆడతాడు. దేశదేశాలవాళ్లు ఒకేసారి ఆడే ఆట అది. కోటలు, రాక్షసులు, అయిదుగురు కలిసి వెళితే తప్ప జయించలేని గుహలు. మావాడు ఏకంగా అయిదు పేర్లతో అయిదు ఖాతాలు తెరిచాడు. వీరుడూ తానే, వైద్యుడూ తానే, విలుకాడూ తానే. ఆ అయిదుగురినీ ఒకే కంప్యూటర్లో, అయిదు కిటికీల్లో, ఒక్కసారే నడిపించాలట. అందుకు విండోసే ఉంచుకోవాలా, లినక్స్‌కు మారాలా అన్నది వాడి సమస్య.

"అత్తమ్మా, నువ్వు నవలలు రాస్తవు గదా! పదిమందిని ఒక్కసారే నడిపిస్తవు. నువ్వే జెప్పు" అన్నాడు.

అడిగాడు కదా అని నాలుగు విషయాలు కనుక్కున్నాను. ఆటకు సంబంధించిన అసలు లోకం ఎక్కడో కంపెనీవారి యంత్రాల్లో ఉంటుంది. మన కంప్యూటర్లో నడిచే భాగాన్ని క్లయింటు అంటారు. మనకు తెలిసిన క్లయింటు వకీలుగారి గుమ్మంలో కూర్చునే కక్షిదారే కదా, ఇదీ అలాంటిదే. మన తరఫున అర్జీ పట్టుకెళ్లి జవాబు పట్టుకొస్తుంది. ఇక ఆపరేటింగ్ సిస్టమ్ అంటారా, అది ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు! పొయ్యిలు నాలుగో ఎనిమిదో ఉంటాయి, వంట కావలసినవాళ్లు వందమంది. ఆవిడ ఒక్కొక్కరికీ సెకనులో వెయ్యోవంతులు కొన్ని ఇచ్చి, దింపి, ఇంకొకరి గిన్నె ఎక్కిస్తుంది. అది ఎంత వేగమంటే ప్రతివాడూ పొయ్యి తనదే అనుకుంటాడు. గిన్నెలు పెట్టుకునే గట్టు చాలకపోతే కొన్నిటిని దొడ్లో అరుగు మీద పెట్టి, అవసరమైనప్పుడల్లా పరుగెత్తి తెస్తుంది. కంప్యూటరు నత్తనడక నడిచేది అప్పుడే.

అందుచేత కోడలిని మార్చే ముందు గట్టు పెంచుకోవాలి. కంప్యూటర్లో ఆ గట్టు పేరు మెమరీ. అయిదు క్లయింట్లంటే అయిదు గిన్నెలు. 8 జీబీ గట్టు మీద విండోస్ 11 తన సామాను సర్దుకున్నాక మిగిలే చోటు ఎంత? విండోస్ 10 ఉంచుకుందామంటే దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. లినక్స్ సంగతి వేరు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. డబ్బిచ్చి కొనక్కర్లేదు, తక్కువ చోటులో సర్దుకునే రకాలూ ఉన్నాయి. విండోస్ కోసం తయారైన ఆటలను దాని మీద నడిపించడానికి 1993లో వైన్ మొదలైంది, 2018లో ప్రోటాన్ వచ్చింది. అయితే కొన్ని ఆటలు దొంగాటను పట్టుకునే కాపలావాణ్ణి వెంటబెట్టుకొస్తాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ వంటివాటి కాపలావాడు లినక్స్ గడప తొక్కడు. కనుక ముందు ఆట ఆచారమేమిటో కనుక్కుని, ఆ తరవాత ఇల్లు మార్చమన్నాను. సంబంధం ఖాయం చేసే ముందు అటువాళ్ల పద్ధతులు ఆరా తియ్యమూ?

వాడి పని అయిపోయింది. నాది మొదలైంది.

ఈ పొయ్యి పంచే విద్య ఎందుకు పుట్టిందో తెలిస్తే మీరూ నాలాగే ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు కంప్యూటరంటే గదంత యంత్రం. పని కాగితపు కార్డుల మీద రాసిచ్చి గంటలకొద్దీ కాచుక్కూర్చోవాలి. 1961 నవంబరులో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బతో బృందం, ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే పద్ధతి చేసి చూపించింది. అంటే యంత్రం ఒకటి, మనుషులు చాలామంది. ఆ విద్యే ఇంతింతై మా ఇంటికొచ్చేసరికి లెక్క తిరగబడింది. మనిషి ఒక్కడు, వేషాలు అయిదు. పదిమంది పంచుకోవడానికి పుట్టినది ఒక్కడు పదిమందిగా కనిపించడానికి పనికొస్తోందన్నమాట!

ఒక్కడు అనేకం నడపడమే తప్పా అంటే ఎలా అనగలను? పక్క జిల్లా సిరిసిల్లకు వెళ్లి చూడండి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఒక్కో కార్మికుడు నాలుగేసి, ఆరేసి, అంతకన్నా ఎక్కువ సాంచాల మధ్య తిరుగుతూ పనిచేస్తాడు. కూలి నేసిన మీటర్ల లెక్కన. రెండు సాంచాలు నడిపితే ఇల్లు గడవదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు మన తెలంగాణ ఆడవాళ్లు అందుకున్న బతుకమ్మ చీరలు చాలావరకు అలా నేసినవే. ఆ మోతలో అతని చెవి ఎంత పదునుగా ఉంటుందంటే, ఏ సాంచా చప్పుడు మారిందో పసిగట్టేస్తుంది. పోగు తెగిందా, దాని దగ్గరికి నడుస్తాడు. నాడెలో కండె అయిపోయిందా, మారుస్తాడు. సాంచాలు ఎన్ని ఆడుతున్నా తెగిన పోగు ముడివేసేటప్పుడు మాత్రం అతను ఒక్క సాంచా దగ్గరే ఉంటాడు. రెండు చేతులూ, రెండు కళ్లూ అక్కడే!

కంప్యూటర్లోనూ అంతే. కిటికీలు ఎన్ని తెరిచినా, మనం కీబోర్డు మీద నొక్కినది ఏదో ఒక్క కిటికీకే చేరుతుంది. ఈ నియమాన్ని దాటాలని కొందరు ఒక్క మీట నొక్కితే అయిదు కిటికీల్లోనూ ఒకేసారి మోగే ఉపాయం కనిపెట్టారు. దీన్ని ఆటలవాళ్లే ఒప్పుకోలేదు చూశారూ! ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో 2015 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నడిపే బ్లిజార్డ్ కంపెనీ 2020 నవంబరులో నిషేధించింది. చిత్రమేమిటంటే, పలు ఖాతాలు ఉంచుకోవడాన్ని ఇద్దరూ తప్పనలేదు. ఎన్ని బొమ్మలైనా ఆడించుకో, కాని ఒక్కోదాన్నీ నీ చేత్తో కదిలించు అన్నారు. ఎదుటివాడు ఒక మీట నొక్కే వేళకు నువ్వు అయిదు దెబ్బలు కొట్టడం న్యాయం కాదన్నారు. వ్యాపారం చేసుకునే కంపెనీలు గీసిన గీతే అయినా, గీత మంచిచోటే పడిందనిపించింది నాకు.

మావాడు ఆ ఉపాయం వాడడు. ఒక్కో కిటికీకీ వంతులవారీగా వెళ్లివస్తాడు. మరి వాణ్ణి ఏమనాలి? ఎవరికీ అన్యాయం చెయ్యలేదుగా?

"అయిదుగురి ఆట అయిదుగురితో ఆడుకోరాదురా?" అన్నాను.

"ఈడ ఎవలున్నరు అత్తమ్మా? ఒకడు హైదరాబాద్‌ల, ఇద్దరు దుబాయ్‌ల. పిలిస్తే డ్యూటీ అంటరు. తెల్వనోళ్లతోని ఆడితే, జెర తప్పు వోతే తిడ్తరు. నన్ను నేనైతే తిట్టుకోను గదా!"

నవ్వుతూనే అన్నాడు గాని, నాకు నవ్వు రాలేదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫుకు కొడుకునో, తమ్ముణ్ణో పంపని వాడకట్టు ఎక్కడుంది? వెళ్లినవాళ్ల కష్టం వెళ్లినవాళ్లది. ఊళ్లో మిగిలిపోయిన పిల్లవాడి ఒంటరితనం ఇదిగో, ఇలా అయిదు కిటికీలుగా తెరుచుకుంది.

"తిట్టుకోవు సరే, మెచ్చుకోను కూడా మెచ్చుకోలేవు కదా బిడ్డా!" అన్నాను. "నేను నడిపించే పదిమందీ నేను చెప్పినట్టల్లా వింటే ఆ నవల చప్పగా ఉంటుంది. ఒక్కరైనా ఎదురు తిరగాలి. నీ అయిదుగురిలో నీకు ఎదురు చెప్పేవాడేడీ? నాలుగు కిటికీలు నువ్వే ఆడుకో. అయిదోది ఖాళీగా ఉంచు. దుబాయ్‌వాడికి సెలవు దొరికిన రోజున వాడే తీస్తాడు. వాడు తప్పు ఆడతాడు, మీరు ఓడిపోతారు. ఓడిపోయి అరగంట కబుర్లు చెప్పుకుంటారు."

"జూస్త అత్తమ్మా" అన్నాడు. చూస్తాడో లేదో!

వాడికి చెప్పిన మాట మనకూ పనికొస్తుందనిపించింది. ఇంట్లో అందరూ మనలో తలా ఒక కిటికీ తెరిచి పెట్టుకుంటారు. మామగారి మందులది ఒకటి, పిల్లల పరీక్షలది ఒకటి, ఆయనగారి చొక్కా బొత్తాలది ఒకటి. అన్నిటినీ నడిపేస్తాం, బాగానే నడిపేస్తాం. కాని సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్ల "అమ్మా, ఇవాళ ఏమైందంటే..." అని మొదలుపెట్టినప్పుడు, కూర కలుపుతూ, ఫోను చూస్తూ "ఊఁ, చెప్పు" అంటామే, అప్పుడు ఆ కిటికీ తెరిచే ఉంటుంది గాని మనం అక్కడ ఉండం. పిల్లకది తెలిసిపోతుంది. రెండు మూడుసార్లు చూసి చెప్పడం మానేస్తుంది.

యంత్రం వందమందికీ లెక్క ప్రకారం క్షణాలు పంచుతుంది, దానికి ఎవరి మీదా ప్రేమ లేదు గనక. మనకు ఉంది కదా! పొయ్యి తగ్గించి, గరిటె పక్కన పెట్టి, రెండు నిమిషాలు పిల్ల వైపు తిరిగితే పప్పు ఏమీ మాడిపోదు. ఒకవేళ మాడినా ఆ పూట పచ్చడితో తినేస్తారు. ఏమంటారు?