ఘటము, జలము, ఆకాశము: మధ్యయుగ దర్శనాలలో బుద్ధి-శరీర సంబంధం

పలమనేరు పరిసర గ్రామాల కుమ్మరుల చేతి మట్టిపని నేటికీ ఆ ప్రాంతానికి గుర్తింపు తెస్తున్నది. మట్టిముద్ద సారెమీద రూపం పొందడం, నీడపట్టున ఆరడం, ఆవములో కాలి గట్టిపడడం అక్కడివారికి నిత్యం కనిపించే దృశ్యాలు. దర్శనగ్రంథాలు చదివినవారికి కూడా ఇవి పరిచితమైనవే. దేహాన్ని గురించి చెప్పవలసిన సందర్భాలలో మన దార్శనికులు తరచుగా ఆశ్రయించిన దృష్టాంతం కుండ. అయితే అందరూ దానిని ఒకే ప్రయోజనానికి వాడలేదు. ఒకరికి కుండ ముఖ్యం, మరొకరికి అందులోని నీరు ముఖ్యం, వేరొకరికి దానిని కాల్చే నిప్పు ముఖ్యం.

బుద్ధికి శరీరంతో గల సంబంధమేమిటి అన్న ప్రశ్న పైకి కేవలం తాత్త్వికమైనదిగా కనిపిస్తుంది. కాని దాని సమాధానాన్నిబట్టి మరి రెండు ప్రశ్నలకు సమాధానం మారుతుంది. జ్ఞానానికి అర్హులెవరు? జ్ఞానం పేరుతో శరీరాన్ని ఏ విధంగా చూడవచ్చు? మధ్యయుగ దర్శనాలు మొదటి ప్రశ్నకు చెప్పిన సమాధానానికీ, ఈ రెండు ప్రశ్నల విషయంలో అవి అనుసరించిన ఆచారానికీ మధ్య ఒక వైరుధ్యం ఉన్నది. ఆ వైరుధ్యాన్ని గుర్తించి, దానిని ఆ దర్శనాల పరిభాషతోనే పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యాయవైశేషికులు బుద్ధి అంటే జ్ఞానమే అంటారు. తర్కశాస్త్ర విద్యార్థులు మొదట చదివే ‘తర్కసంగ్రహం’లో అన్నంభట్టు సమస్త వ్యవహారానికీ కారణమైన గుణంగా బుద్ధిని నిర్వచించాడు. ఈ గుణానికి ఆశ్రయం ఆత్మ, శరీరం కాదు. అయినా శరీరం లేనిదే ఆ గుణం పుట్టదు. ఆత్మ మనస్సుతోనూ, మనస్సు ఇంద్రియాలతోనూ కూడినప్పుడే జ్ఞానం కలుగుతుంది. ఆ కూడికకు స్థానం శరీరం. ప్రధానమైన న్యాయసంప్రదాయం ప్రకారం, శరీరాన్ని పూర్తిగా వదిలిన ముక్తాత్మకు దుఃఖం లేనట్లే జ్ఞానమూ లేదు. అంటే బుద్ధి శరీరానికి చెందినది కాకపోయినా శరీరం మీద ఆధారపడినది. చెందడమూ ఆధారపడడమూ ఒకటి కావు అన్న ఈ వివేచన న్యాయదర్శనం చేసిన ముఖ్యమైన మేలు.

అద్వైతంలో ఈ సంబంధం మరింత సూక్ష్మమైనది. విజయనగర సామ్రాజ్య తొలికాలంతో ముడిపడిన విద్యారణ్యుడు 14వ శతాబ్దంలో ‘పంచదశి’లోని చిత్రదీప ప్రకరణంలో చైతన్యాన్ని నాలుగు విధాలుగా విభజించి, ఆకాశ దృష్టాంతంతో వివరించాడు. కుండలోని ఆకాశం ఘటాకాశం. అంతటా వ్యాపించినది మహాకాశం. కుండలోని నీటిలో మేఘనక్షత్రాలతో సహా ప్రతిఫలించేది జలాకాశం. మేఘంలోని నీటితుంపరలలో ప్రతిఫలిస్తున్నట్లు ఊహించదగినది మేఘాకాశం. ఇవి వరుసగా కూటస్థునికి, బ్రహ్మకు, జీవునికి, ఈశ్వరునికి పోలికలు. ఈ పోలికలో కుండ దేహమైతే నీరు బుద్ధి. జీవుడనేది ఆ నీటిలోని ప్రతిబింబం.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటున్నది. పంచదశి ప్రకారం బుద్ధి చైతన్యం కాదు. అది పంచభూతాల సత్త్వాంశతో ఏర్పడినది. పదిహేడు అంగాల సూక్ష్మశరీరంలో ఒకటి. అంటే కుండ ఎంత జడమో నీరూ అంతే జడం. తేడా అంతా స్థూలసూక్ష్మతలలోనే ఉన్నది. నీరు ప్రతిబింబాన్ని గ్రహించగలదు, మట్టిగోడ గ్రహించలేదు. ఆ ప్రతిబింబం స్పష్టంగా ఉండడం నీటి తేటదనాన్నిబట్టి ఉంటుంది. కుండ వంపునుబట్టిగాని, రంగునుబట్టిగాని, దానిని ఏ వీధిలో చేశారన్నదానినిబట్టిగాని ఉండదు.

విశిష్టాద్వైతంలో దీపమూ దాని వెలుగూ దృష్టాంతాలు. రామానుజుల మతంలో జీవుడు జ్ఞానస్వరూపుడు. అతనికి జ్ఞానమే ధర్మంగా కూడా ఉంటుంది. ఆ ధర్మభూతజ్ఞానం కర్మానుసారంగా ముడుచుకుంటుంది, విప్పారుతుంది. అయితే ఈ చర్చకు మరింత ఉపకరించేది ‘శ్రీభాష్యం’లో ఆయన శరీరానికి చెప్పిన నిర్వచనం. ఏ ద్రవ్యాన్ని ఒక చేతనుడు తన ప్రయోజనం కోసం సర్వదా నియమించగలడో, ధరించగలడో, ఏ ద్రవ్యం అతనికి శేషంగా ఉండడమే స్వరూపంగా కలిగినదో, అది అతని శరీరం. రోగంతో చచ్చుబడిన అవయవం మాట వినదు కదా అన్న ఆక్షేపానికి కూడా సమాధానం ఉన్నది. అక్కడ నియమించే శక్తి లేకపోలేదు. అది ప్రతిబంధానికి లోనైనది. ఈ ప్రతిబంధ భావన తరువాతి చర్చకు అవసరమవుతుంది.

దాదాపు ఇదే కాలంలో యూరపులోనూ, అరబ్బు ప్రపంచంలోనూ ఇటువంటి చర్చ జరిగింది. అరిస్టాటిల్‌కు వ్యాఖ్యానం రాసిన ఇబ్న్ రుష్ద్ (1126-1198) గ్రహణశక్తి గల బుద్ధి మానవులందరికీ ఒక్కటేనని ప్రతిపాదించాడు. దానిని ఖండిస్తూ 1270లో థామస్ అక్వైనస్ ప్రత్యేక గ్రంథం రాశాడు. బుద్ధి అందరికీ ఒక్కటే అయితే ఆలోచిస్తున్నది ఈ వ్యక్తి అని చెప్పడానికి ఆధారం ఉండదని అతని వాదం. అతని దృష్టిలో ఆత్మ శరీరానికి రూపం. బుద్ధికి తనదైన అవయవం లేకపోయినా ఇంద్రియాలు అందించే ప్రతిమలు లేనిదే అది పనిచేయదు. ఈ వాదులిద్దరూ బుద్ధిని భౌతికం కానిదిగా భావించారు. విద్యారణ్యుడు బుద్ధిని భూతాలవైపే ఉంచి, చైతన్యాన్ని మాత్రమే వేరు చేశాడు. అందువల్ల అక్కడ బుద్ధికీ శరీరానికీ మధ్య గీసిన గీత ఇక్కడ చైతన్యానికీ బుద్ధికీ మధ్యకు జరిగింది.

ఇంతకూ ఈ దర్శనాలలో ఏదీ బుద్ధిని దేహానికి గుణంగా అంగీకరించలేదు. అలా అంగీకరించడం చార్వాక మతమని తిరస్కరించాయి. అటువంటప్పుడు దేహచిహ్నాలైన జాతి, లింగ, వైధవ్యాదులు జ్ఞానార్హతను నిర్ణయించరాదు. బ్రహ్మసూత్ర భాష్యారంభంలో శంకరులు జిజ్ఞాసువుకు చెప్పిన అర్హతలు నాలుగు: నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాది సంపత్తి, ముముక్షుత్వం. ఈ నాలుగూ బుద్ధికి, మనస్సుకు సంబంధించినవే. వీటిలో దేహలక్షణం ఒక్కటీ లేదు. కాని అదే గ్రంథంలోని అపశూద్రాధికరణం వేదాధ్యయనం ద్వారా కలిగే అధికారాన్ని జన్మతో ముడిపెట్టింది. విదురునికి, ధర్మవ్యాధునికి పూర్వసంస్కారం వల్ల జ్ఞానం కలిగిందని, ఇతిహాసపురాణాల మార్గం అందరికీ ఉన్నదని భాష్యకారులు ఒప్పుకొన్నారు. అయినా ప్రధానద్వారం మూసియే ఉన్నది. రామానుజులు కూడా ఈ అధికరణంలో నిషేధాన్నే సమర్థించారు.

పరమార్థంలో భేదం లేకున్నా వ్యవహారంలో ఉన్నదని, అధికారం వ్యవహారానికి చెందినదని దీనికి సంప్రదాయం సమాధానం చెబుతుంది. ఈ సమాధానాన్ని తేలికగా తోసిపుచ్చలేము. అయితే పంచదశి పరిభాషలోనే దీనికి ప్రత్యుత్తరం దొరుకుతుంది. బుద్ధి కూడా వ్యవహారానికి చెందినదే. వినడం, మననం చేయడం, తెలుసుకోవడం వ్యవహారంలోనే జరుగుతాయి. కనుక వ్యవహారం లోపల సైతం జ్ఞానార్హతకు కొలత నీటి తేటదనం కావాలి. కుండను కొలతగా తీసుకున్నప్పుడు, సిద్ధాంతంలో తిరస్కరించిన చార్వాక మతాన్నే ఆచారంలో అంగీకరించినట్లవుతుంది.

ఈ వైరుధ్యాన్ని అందరికంటె నిశితంగా చూపినది ‘యోగవాసిష్ఠం’లోని చూడాల కథ. రాణి చూడాల భర్త శిఖిధ్వజునికంటె ముందు ఆత్మజ్ఞానం పొందింది. ఆమె చెప్పినప్పుడు రాజు నవ్వి, అవి పసితనపు మాటలన్నాడు. తరువాత అతడు రాజ్యం విడిచి అడవికి వెళ్లాడు. ఆమె యోగశక్తితో నారదపుత్రుడైన కుంభుడనే బ్రాహ్మణ యువకుని రూపం ధరించి వెళ్లి బోధించింది. అప్పుడు రాజు విన్నాడు. బోధించిన బుద్ధి అదే, బోధ అదే. మారినది దేహం మాత్రమే. కుంభంలో పుట్టాడు కనుక ఆ యువకునికి కుంభుడన్న పేరు వచ్చిందని కథ. శ్రోత గౌరవించినది కుండనే అన్న సంగతిని ఆ పేరే గుర్తుచేస్తుంది.

ఆ కథలో మరో ఘట్టమున్నది. సర్వత్యాగం చేయాలన్న పట్టుదలతో శిఖిధ్వజుడు తన వస్తువులన్నిటినీ దహించి, చివరకు దేహాన్ని కూడా వదలబోతాడు. కుంభుడు వారిస్తాడు. దేహం జడం, నిరపరాధి. విడువవలసినది దేహాన్ని కాదు, చిత్తాన్ని అన్నది అతని బోధ సారాంశం. దేహాన్నిబట్టి జ్ఞానిని కొలవడం ఎంత పొరపాటో, జ్ఞానం కోసం దేహాన్ని శిక్షించడమూ అంతే పొరపాటని ఒకే కథ రెండు వైపుల నుంచీ చెబుతున్నది.

ఈ యోగవాసిష్ఠాన్ని తెలుగులోకి తెచ్చినవారిలో 15వ శతాబ్దపు మడికి సింగన ఒకరు, తరిగొండ వెంగమాంబ మరొకరు. పలమనేరుకు ఉత్తరంగా పుంగనూరు, మదనపల్లె దాటిన తరువాత వచ్చే తరిగొండ ఆమె జన్మస్థలం. ఆమె కాలం 1730-1817. బాల్యంలోనే భర్తను కోల్పోయింది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్య దేశికుల వద్ద ఉపదేశం పొందింది. ‘రాజయోగామృతసారం’, ‘వాసిష్ఠ రామాయణం’, ద్విపద భాగవతం వంటి రచనలు చేసి తిరుమలలో జీవితం ముగించింది. ఆమె కాలం మధ్యయుగానంతరమే అయినా ఆమె ఆధారపడిన చింతన మధ్యయుగానిదే.

వెంగమాంబ వైధవ్యచిహ్నాలను నిరాకరించిందని, శ్రీవేంకటేశ్వరుడే తన భర్త అని ప్రకటించిందని, శిరోముండనం చేయించుకోవాలన్న ఒత్తిడిని ఎదుర్కొన్నదని ఆమె జీవితగాథ చెబుతుంది. ఇందులోని అద్భుతాంశాలను చరిత్రగా తీసుకోనక్కరలేదు. ఆ గాథ అడిగే ప్రశ్న మాత్రం తాత్త్వికమైనదే. దేహం ఆత్మ కాదు గనుక జుట్టు ఉంటే ఏమి, పోతే ఏమి అని ఒక వేదాంతి ఆమెతో అనవచ్చు. అదే మాటను తిప్పి, ఉంటే ఏమి అని ఆమె కూడా అడగవచ్చు. దేహం అప్రధానమన్న సూత్రం నిజంగా అందరికీ వర్తిస్తే, దానిని మార్చి తీరవలసిన అవసరం ఎవరికీ ఉండదు. ఆ సూత్రం ఒకరి దేహం మీద మరొకరి అధికారానికి సాధనమైనప్పుడే ముండనం తప్పనిసరి అవుతుంది.

రామానుజుల నిర్వచనం ఇక్కడ వెలుగునిస్తుంది. చేతనుడు స్వప్రయోజనం కోసం నియమించగలిగినదే శరీరమైతే, ఇతరుల ఆజ్ఞకు లోబడిన విధవ దేహం విషయంలో ఆ శక్తి ప్రతిబంధానికి లోనైనట్లే. ఈ ప్రతిబంధం రోగం వల్ల వచ్చినది కాదు, ఆచారం వల్ల వచ్చినది. రామానుజులు ఈ అన్వయం చేయలేదు. ఆయన చర్చ జగత్తుకూ ఈశ్వరునికీ గల సంబంధం గురించినది. అయినా నిర్వచనం ఈ అన్వయానికి అవకాశమిస్తున్నది. హఠయోగ గ్రంథమైన ‘ఘేరండసంహిత’ దేహాన్ని నీటిలో నానిపోయే పచ్చికుండతో పోల్చి, యోగాగ్నిలో దానిని కాల్చి గట్టిపరచమన్నది. ఆ కాల్చడం కూడా సాధకుని స్వప్రయత్నమే, పరుల శిక్ష కాదు.

కనుక మధ్యయుగ దర్శనాల నుంచి ఈ ప్రశ్నకు గ్రహించదగిన సమాధానం రెండు భాగాలుగా ఉన్నది. బుద్ధి దేహధర్మం కాదు కనుక దేహాన్ని చూసి ఎవరి బుద్ధినీ తక్కువ చేయరాదు. బుద్ధి దేహాశ్రయం లేనిదే వ్యవహరించదు కనుక దేహానికి జరిగే అన్యాయాన్ని అప్రధానమని వదిలివేయరాదు. మొదటిదాన్ని మాత్రమే చెప్పే వేదాంతం ఉదాసీనతకు, రెండవదాన్ని మాత్రమే చెప్పే మతం దేహాత్మవాదానికి దారితీస్తాయి. కుమ్మరి ఈ రెండింటినీ పనిలోనే పాటిస్తాడు. కుండ విలువ అందులో నిలిచే నీటిలో ఉన్నదని అతనికి తెలుసు. అందుకే కుండకు పగులు రాకుండా చూస్తాడు.