‘నాకెర్కలేదు’ అనే జవాబు

మా అవ్వ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ‘నాకెర్కలేదు’. ఆ మాటను అర్థం చేసుకోవడానికి సముద్రాలు దాటి చదువుకోవాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ కోసం 2007లో అమెరికా వెళ్లాక, ప్రధాన విషయంతో పాటు ఒక మైనర్ ఎంచుకోమన్నారు. రాజకీయ మనస్తత్వ శాస్త్రం తీసుకున్నాను. మిన్నెసోటా వంటి కొన్ని విశ్వవిద్యాలయాల్లో దాన్ని అలా చదవొచ్చు. మనుషులు ఎందుకు ఓటేస్తారు, ఎందుకు లొంగుతారు, పక్కవాళ్లను ఎందుకు ద్వేషిస్తారు అన్నవి అందులో ప్రశ్నలు. ‘మైనరంటే చిన్న సదువా బిడ్డా?’ అని బాపు ఫోన్లో దిగులుపడ్డాడు.

సర్వేల క్లాసులో మొదట చదివింది 1952 నుంచి అమెరికా ఎన్నికల అధ్యయనాల్లో అడుగుతున్న ప్రశ్నలు. ప్రభుత్వం చేసే పనుల్లో మీలాంటివాళ్ల మాట చెల్లుతుందా? రాజకీయాలు మీకు అర్థమవుతాయా? వచ్చిన జవాబుల నుంచి ఒక మనిషికి తన రాజకీయ శక్తి మీద ఎంత నమ్మకముందో లెక్కకడతారు. రాజకీయ పరిజ్ఞానం కొలిచే ప్రశ్నలు వేరే ఉంటాయి. వాటికి ‘తెలియదు’ అంటే మామూలుగా సున్నా. ఆడవాళ్లకు సున్నాలు ఎక్కువ. మాండక్, ఆండర్సన్ అనే ఇద్దరు 2004లో ఈ తేడాను తిరగేసి చూశారు. తెలియకపోయినా మగవాళ్లు ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తారు, ఆడవాళ్లు తెలియదంటారు. ఆ అలవాటును లెక్కలోంచి తీసేస్తే తేడా దాదాపు సగానికి తగ్గిపోయింది.

క్లాసులో అందరూ నవ్వారు. నాకు శ్రీరాంపూర్ కాలనీలో మా ఇంటి తలుపు గుర్తొచ్చింది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల. బాపు బాయి పనికి నైట్ షిఫ్ట్ పోయేవాడు. 1990ల మొదట్లో సింగరేణి కార్మిక సమాఖ్య పేరును గొంతు తగ్గించి పలికేవాళ్లు. ఒకరాత్రి తలుపు కొట్టి ‘ఎవరొచ్చిన్రు?’ అని పోలీసులు అడిగేవాళ్లు. మరోరాత్రి ‘ఎవరు చెప్పిన్రు?’ అని అవతలివాళ్లు అడిగేవాళ్లు. ఇద్దరికీ అవ్వ జవాబు ఒక్కటే. ఎర్కలేదు. మా కాలనీలో ఎవరు ఏ సంఘం, ఏ నాయకుడు ఎవరికి అమ్ముడుపోయాడు అన్నది అవ్వకు బాపు కన్నా బాగా తెలుసు. పరీక్ష పెడితే మాత్రం సున్నా!

హంతకుడే తలుపు దగ్గర నిలబడి, నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధమాడకూడదని కాంట్ 1797లో రాశాడు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయన ఇంటి తలుపు అలా ఎవరూ కొట్టి ఉండరు. అవ్వ మౌనం ధిక్కారమని సెమినార్ పేపర్ రాశాను. మంచి మార్కులొచ్చాయి. మన స్త్రీవాదులకు కూడా అలాంటి మాట నచ్చుతుంది, నాకూ నచ్చింది.

అందులో ఒక సంగతి రాయలేదు. మా గోడ పక్కింటి అక్క కాలిపోయి చనిపోయింది. స్టవ్ పేలిందన్నారు. ముందురోజు రాత్రి గోడ అవతల నుంచి వచ్చిన చప్పుళ్లు, ఆమె కేకలు మేమిద్దరం విన్నాం. పోలీసులు వచ్చి అడిగారు. అవ్వ అదే గొంతుతో, అదే తలుపు పట్టుకుని, ‘ఎర్కలేదు’ అంది.

అంతకుముందు అలా అన్నప్పుడు ఆ మాట ఖరీదు అవ్వే కట్టడానికి సిద్ధపడింది. దెబ్బలు పడితే తనకే పడేవి. ఈసారి ఖరీదు అక్క కట్టింది. ఒకే మాట ఒకచోట ధైర్యం, ఇంకోచోట మొగుళ్ల రాజ్యానికి కాపలా. ఈ రెండింటినీ విడదీసే ప్రశ్న నా మైనర్ చదువులో ఎక్కడా కనబడలేదు.

పరిశోధన కోసం శ్రీరాంపూర్ ఆడవాళ్లతో మాట్లాడటానికి వెళ్లినప్పుడు అవ్వను అడిగాను. బియ్యంలో రాళ్లేరుతోంది.

‘ఎందుకట్లన్నవే?’

‘ఇద్దరు పిల్లలు. వాడు జైలుకు పోతే బాయి నౌకరి పోవు. ఎవలు సాదుతరు? నువ్వా?’

‘అక్క పానం పోయె గదా.’

‘పోయినదాన్ని ఏం జేస్తం బిడ్డా. ఉన్నోళ్లను జూసిన.’

నేను ఇందాక చెప్పిన ఖరీదు లెక్కలో ఆ పిల్లలు లేరు. వాళ్లను కలిపితే లెక్క తేలడం లేదు. కలిపినా అవ్వ చేసింది న్యాయమని మాత్రం ఇప్పటికీ అనలేకపోతున్నాను. అలా అంటే, పిల్లల్ని కన్న ప్రతి ఆడదాని చావూ ముందే మాఫీ చేసినట్టవుతుంది.

‘ఆ పిల్లలు పెద్దయినంక నిన్ను అడిగితే?’ అన్నాను.

‘చిన్నపిల్ల అడిగింది’ అంది, చాట పక్కన పెట్టి.

ఆ పిల్లకు ఏం చెప్పిందో అవ్వ నాకు చెప్పింది. టేప్ రికార్డర్ ఆపమని అడిగి మరీ చెప్పింది. అది సిద్ధాంత గ్రంథంలో రాయలేదు, ఇక్కడా రాయను. ఆ ప్రశ్నకు ఎదురుగా ఉన్న గడిలో ‘తెలియదు’ అని రాసుకుని కాగితం మడిచాను.