పనివాడి మాట ప్రమాణమయ్యేదెప్పుడు?

తెలియనివాడు తెలిసినవాణ్ని ఎలా గుర్తుపట్టాలన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. అయితే అది పండిత గోష్ఠుల్లో పుట్టి అక్కడే ముగిసేది కాదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ తిరుగుతున్నా గది చల్లబడని ప్రతి ఇంట్లోనూ అది మళ్లీ పుడుతుంది. పిలిపించిన మెకానిక్ ఔట్‌డోర్ యూనిట్ పైపుకు గేజీ తగిలించి, ముల్లు చూసి, గ్యాస్ తగ్గిందని చెబుతాడు. ఆ గ్యాస్ ఇంటివారి కంటికి కనబడదు, ఆ ముల్లు ఎక్కడ నిలిస్తే సరైనదో వారికి తెలియదు, ఔననడానికి గానీ కాదనడానికి గానీ వారి దగ్గర ఏ ఆధారమూ ఉండదు, అయినా డబ్బిచ్చి పని చేయించుకోవలసింది వారే. పని ముగిసి గది చల్లబడ్డాక కూడా నిజంగా గ్యాసే తగ్గిందా, లేక అదే చేత్తో దుమ్ము పట్టిన ఫిల్టర్ కడగడం వల్ల చల్లదనం తిరిగి వచ్చిందా అన్నది తేలదు. మామిడిపండు పులుపో తీపో కోసి తింటే తెలుస్తుంది. ఈ పనిలోని మంచిచెడ్డలు అనుభవించిన తరువాతా తెలియవు. 1973లో డార్బీ, కార్ని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటి సేవలను ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించి, కొన్నవాడు వాడుకున్నాక కూడా నాణ్యతను తేల్చుకోలేక అమ్మినవాడి మాట మీదే ఆధారపడవలసినవిగా వాటిని వివరించారు.

ప్లేటో రాసిన ‘కార్మిడీస్’ సంభాషణలో సోక్రటీసు ఈ చిక్కును ఎటూ తప్పించుకోలేనంతగా బిగిస్తాడు. అసలు వైద్యుణ్ని, వైద్యుడినని చెప్పుకు తిరిగేవాణ్ని వేరు చేయాలంటే వైద్యం తెలిసి ఉండాలి. వైద్యం తెలిసినవాడికి ఆ పరీక్ష అంతగా అవసరం లేదు, అవసరమున్నవాడికి పరీక్షించే శక్తి లేదు. ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటే ఇంటివారు చేయగలిగింది అదృష్టాన్ని నమ్ముకోవడమే. అలా ఒప్పుకోనక్కరలేదని చెప్పడానికి కావలసిన ఆలోచన ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ఉంది.

ప్రమాణం అంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. చార్వాకులు ప్రత్యక్షాన్ని, అంటే ఇంద్రియాలకు నేరుగా అందేదాన్ని, మాత్రమే ప్రమాణంగా తీసుకున్నారు. బౌద్ధులు, వైశేషికులు దానికి అనుమానాన్ని, అంటే ఒక గుర్తును బట్టి మరొకదాన్ని ఊహించి తెలుసుకోవడాన్ని, చేర్చి, ఇతరుల మాటవల్ల కలిగే జ్ఞానం కూడా ఆ అనుమానంలోకే వస్తుందన్నారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు మాత్రం శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, విడి ప్రమాణంగా నిలబెట్టారు. ఆ దర్శనానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం ఆప్తుడి ఉపదేశమే శబ్దప్రమాణం. ఆప్తుడెవరన్న ప్రశ్నకు ఆ సూత్రాల భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం ఈనాటికీ కొత్తగానే కనిపిస్తుంది: విషయాన్ని స్వయంగా చూసి తెలుసుకున్నవాడు, చూసినది చూసినట్టుగా ఇతరులకు తెలియజేయాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు, ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానంగా వర్తిస్తుంది. పుట్టుకనూ బిరుదునూ లెక్కలోకి తీసుకోని ఈ నిర్వచనంలో ఐటీఐలో చదివి వచ్చిన కుర్రవాడికీ, చదువు లేకుండా మరొకరి వెంట తిరిగి పని నేర్చుకున్నవాడికీ చోటుంది. పెద్ద దుకాణం పంపినవాడన్న ఒక్క కారణంతో ఎవరికీ చోటు దొరకదు. ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ఆప్తుణ్ని ఉన్నదున్నట్టు చెప్పేవాడిగా క్లుప్తంగా నిర్వచించాడు. బాలబోధకు ఆ క్లుప్తత మేలే గానీ, మనిషిని పనిలో పెట్టుకోవలసినవారికి వాత్స్యాయనుడి వివరమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో వేదప్రామాణ్యాన్ని చర్చిస్తూ అదే భాష్యకారుడు ఆప్తుడికి మరో లక్షణాన్ని చేరుస్తాడు. అది భూతదయ, అంటే ప్రాణుల మీద కరుణ. ఇక్కడి వాదన తీరును గమనించాలి. స్వర్గం వంటి కనబడని విషయాల్లో వేదాన్ని ఎందుకు నమ్మాలన్న ప్రశ్నకు సూత్రకారుడు ఆయుర్వేదాన్ని సాక్ష్యంగా తెస్తాడు: మందు వేసుకుంటే రోగం తగ్గడం కంటికి కనబడుతుంది కనుక, కనబడే చోట నిజం చెప్పినవారి మాటను కనబడని చోట కూడా నమ్మవచ్చు. దీన్నిబట్టి తెలియనివాడు నిపుణుడి శాస్త్రమంతా నేర్చుకోనక్కరలేదు. తన కంటికి అందే నాలుగు చోట్ల ఆ మనిషి ఎలా నడుచుకున్నాడో చూసి, అందని చోట్లకు ఆ నమ్మకాన్ని పొడిగిస్తే చాలు. సోక్రటీసు బిగించిన ముడి పూర్తిగా విడిపోకపోయినా ఇక్కడ కొంత సడలుతుంది.

ఏసీ పనిలో కంటికి అందేవి అనుకున్నదానికంటే ఎక్కువే. ఏసీలో తిరిగే వాయువు పెట్రోలు లాగా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో ద్రవంగా, ఆవిరిగా మారుతూ గదిలోని వేడిని బయటికి మోసే ఆ పదార్థం, గొట్టాలకు చిల్లు గానీ అతుకుల్లో సందు గానీ లేనంతకాలం ఏళ్ల తరబడి అంతే ఉంటుంది. అందువల్ల ప్రతి వేసవికీ గ్యాస్ నింపించుకోవాలని చెప్పేవాడికి పని తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసీ అబద్ధమాడి ఉండాలి. గ్యాస్ నిజంగా తగ్గితే లీకేజీ ఎక్కడుందో ముందు వెతకాలి. గొట్టాల్లో నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపి అతుకుల మీద సబ్బు నురగ రాస్తే, కారే చోట బుడగలు లేస్తాయి. దాన్ని సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగివేయాలి, ఎందుకంటే మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లాలను పుట్టించి యంత్రాన్ని లోపలినుంచి తినేస్తుంది. చివరగా, యూనిట్ మీద అతికించిన పలకలో ఎన్ని గ్రాములని ఉందో అంతే బరువు వాయువును కాటా మీద తూచి ఎక్కించాలి. ఇందులో నూనె రసాయనం ఇంటివారికి తెలియనక్కరలేదు. సబ్బు నురగ రాశాడా లేదా, బుడగ చూపించాడా లేదా, కాటా తెచ్చాడా లేదా అన్నవి చదువురాని ముసలమ్మకు కూడా కనబడే సంగతులు. కొత్త ఏసీ పెట్టించేటప్పుడూ ఇంతే. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల, అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల, వేడిని తొలగించే శక్తి. పడమటి గోడకు ఎండ ఎంతసేపు తగులుతుందో, గది పైకప్పు మీద మరో అంతస్తు ఉందో లేదో, ఎందరు పడుకుంటారో అడగకుండా వాకిట్లోనే టన్నున్నర కావాలని తేల్చేసేవాడు చూడకుండా మాట్లాడినవాడే. స్వయంగా చూడడం ముందు, చెప్పడం తరువాత అన్న ఆప్తలక్షణపు క్రమాన్ని అతడు మీరాడు.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ధర్మం తెలుసుకోవడానికి వారణాసిలోని తులాధారుడనే వర్తకుడి దగ్గరికి పోవలసి వస్తుంది. తన త్రాసు సమస్త ప్రాణులకూ సమానంగా తూగుతుందన్నదే ఆ వర్తకుడి సాధన. గ్రాముల్లో తూచి గ్యాస్ ఎక్కించే పనివాడికి ఆ కథ దూరపుది కాదు. కొనేవాడికి తూకం అర్థం కాకపోయినా సరిగ్గా తూచడాన్ని మతాచారంలో భాగంగా కాక మతసారంగానే ఆ కథ చూపుతుంది.

చరకసంహిత నకిలీ వైద్యుల గురించి చేసిన హెచ్చరిక కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. పాత్రలూ పుస్తకాలూ మందులూ ప్రదర్శించి వైద్యులనిపించుకునేవారిని, పేరున్నవారి పేరు చెప్పుకుని చెలామణి అయ్యేవారిని ఆ గ్రంథం నిజమైన వైద్యులనుంచి విడదీసి చూపింది. మంచి వైద్యుడికి శాస్త్రజ్ఞానం, విస్తారమైన అనుభవం, చేతి నైపుణ్యం, శౌచం అనే నాలుగు గుణాలు కావాలంది. శౌచమంటే శుచి. కంపెనీ గుర్తు ఉన్న చొక్కా, గేజీల పెట్టె, ఫోనులో చూపే నక్షత్రాల రేటింగు మొదటి మూడు గుణాలకు కొంతవరకు సూచనలు కావచ్చు గానీ నాలుగవదానికి ఏ సూచనా కావు.

ఈ పరీక్ష ఎక్కడ విఫలమవుతుందో కూడా చెప్పుకోవాలి. జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుందన్న విషయంలో మీమాంస అనే మరో దర్శనం వారైన మీమాంసకులకూ నైయాయికులకూ పెద్ద వాదమే నడిచింది. దోషం బయటపడేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు అన్నారు. దీనికి స్వతఃప్రామాణ్యమని పేరు. ఆ జ్ఞానాన్ని అనుసరించి చేసిన పని ఫలించడం వల్లే దాని ప్రామాణ్యం తేలుతుందని నైయాయికులు అన్నారు, ఇది పరతఃప్రామాణ్యం. మెకానిక్ విషయంలో నైయాయికుల ఫలపరీక్ష సరిపోదు, ఎందుకంటే తప్పుడు చికిత్సకు కూడా గది చల్లబడుతుంది. లీకేజీని వదిలేసి పైపైన గ్యాస్ నింపితే ఆ వారమంతా చల్లగానే ఉంటుంది, అసత్యం బయటపడేది కొన్ని నెలలకు. కనుక ఫలాన్ని ఒక్కరోజులో చూడకూడదు. ఎన్ని గ్రాములు ఎక్కించిందీ, ఏ అతుకు సరిచేసిందీ బిల్లు మీద రాయించుకుని, వచ్చే వేసవికి ఆ కాగితంతో పోల్చి చూసుకోవాలి. మరోవైపు, మీమాంసకుల మాటలోనూ ఒక న్యాయముంది: ఏ దోషమూ కనబడకముందే ప్రతి మాటనూ అబద్ధంగా తీసుకునే ఇంట్లో నిజాయితీగల పనివాడు రెండోసారి అడుగుపెట్టడు.

రాజశాసనం ఈ లోటును ఎంతవరకు తీర్చగలదు? కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగవ అధికరణం పనివారి నుంచి ప్రజలను కాపాడే ప్రకరణంతోనే మొదలవుతుంది. చెప్పినదానికి భిన్నంగా పని చేస్తే కూలి పోవడమే గాక దానికి రెట్టింపు జరిమానా కూడా అందులో ఉంది. నేటి భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపానికి పరిహారం ఇప్పిస్తుంది. రెండూ చెడగొట్టిన పనిని పట్టుకోగలవు గానీ, అవసరమే లేని పనిని చక్కగా చేసిపెట్టిన చేతిని పట్టుకోవడం వాటికి కష్టం. అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారికి ఇలా అవసరం లేని పని చేయించుకునే చిక్కు చలికాలంలోనూ ఎదురవుతుంది. ఇంటిని వెచ్చబరిచే, గ్యాస్‌తో మండే ఫర్నేస్‌లో మంటను గాలినుంచి వేరుచేసే లోహపు గదికి పగులు వస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరి ప్రాణం తీయగలదు. అది నిజమైన ప్రమాదం గనుకనే, లేని పగులు ఉందని భయపెట్టి కొత్త ఫర్నేస్ అమ్మడం కూడా తేలిక. సత్యమూ అసత్యమూ ఒకే మాటల్లో వినబడే ఇలాంటి చోట, పగులును కెమెరాతో చూపమనడం, మరో మనిషిని పిలిచి అడగడం అవమానమని అసలైన ఆప్తుడు అనుకోడు.

ఇక భూతదయ. పాత ఏసీలలోని ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని దశలవారీగా తొలగిస్తున్నారు. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను తాకకపోయినా, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు రెండువేల రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పుడు విరివిగా వాడే ఆర్-32 కూడా దాదాపు 675 రెట్లు వేడెక్కించేదే, పైగా కొద్దిగా మండే గుణం ఉన్నది. వీటి వాడకాన్ని తగ్గించే 2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. మరమ్మత్తుకు ముందు పాత వాయువును సిలిండర్‌లోకి పట్టుకోవాలి. వాల్వు విప్పి గాలిలోకి వదిలేస్తే క్షణాల్లో పని అయిపోతుంది, అడిగేవారూ ఉండరు. అలా వదలకుండా పట్టుకునేవాడు, ఎప్పుడూ చూడబోని మనుషుల మేలు కోసం తన సమయాన్ని ఖర్చు చేస్తున్నాడు. ఈ గుణం ఉన్నవాడు ఇంటివారిని మోసగించడం అరుదు.

అయితే ఆప్తుణ్ని వెతికే గృహస్థుకూ ఒక ధర్మముంది, దాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. గ్యాస్ నింపితే వేలల్లో ఇచ్చే ఇల్లే, యంత్రమంతా పరిశీలించి లోపమేమీ లేదు, ఫిల్టర్ కడిగితే చాలని చెప్పినవాడికి వందో రెండొందలో ఇవ్వడానికి బేరమాడుతుంది. అబద్ధానికి కూలి దండిగా, నిజానికి కూలి ఏమీ లేకుండా ఉన్న చోట అబద్ధం పెరగడానికి పనివాడి దుర్బుద్ధి ఒక్కటే కారణమనడం అన్యాయం. చూసి చెప్పినందుకు తగిన రుసుము ముందే ఒప్పుకుని, మరమ్మత్తు ఉన్నా లేకపోయినా దాన్ని చెల్లించే ఇంట్లో, పనివాడికి అబద్ధమాడవలసిన అవసరం సగం తీరిపోతుంది.

దయ అడిగేవారు దయ చూపవలసిన చోటు మరొకటి కూడా ఉంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఔట్‌డోర్ యూనిట్లు నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు గోడలకు ఇనుప బ్రాకెట్ల మీద వేలాడుతుంటాయి. వాటి దగ్గర నిలబడడానికి చోటు ఉండదు, నడుముకు బెల్టు కట్టుకోవడానికి కొక్కెం ఉండదు. సన్ షేడ్ మీద ఒక కాలు, కిటికీ కమ్మి మీద ఒక చెయ్యి ఉంచి వంగిన మనిషి కాయిల్ వెనకవైపు దుమ్మును చూడలేడు, అతుకు మీద సబ్బు నురగ రాసి బుడగ కోసం కాచుకుని ఉండలేడు, కాటా పెట్టుకోలేడు. తొందరగా లోపలికి వచ్చి గ్యాస్ తగ్గిందని చెప్పడం ఒక్కటే చేయగలడు. ఇల్లు కట్టేటప్పుడే ఆ యూనిట్‌ను బాల్కనీలోనో, మెట్ల పక్కన నేల ఉన్న చోటో, మనిషి రెండు కాళ్ల మీద నిలబడి రెండు చేతులతో పనిచేయగలిగేలా పెట్టించాలి.